పాత నెట్ సెంటర్ డిస్కు నుంచి ఒక యాహూ గ్రూపును తిరిగి కూర్చడం: ప్రాజెక్టు డైరీ

పని ఇది. 2000 తర్వాత కొన్నేళ్ళపాటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు (ఊళ్ళో ఉన్నవాళ్ళు, అమెరికా, గల్ఫ్ వెళ్ళినవాళ్ళు) యాహూలో ఒక గ్రూపు (ఒకరు మెయిల్ రాస్తే సభ్యులందరికీ చేరే ఏర్పాటు) నడుపుకున్నారు. 2009 తర్వాత అందులో ఎవరూ రాయలేదు. యాహూ 2019 డిసెంబరులో గ్రూపుల పాత మెసేజ్‌లన్నీ తీసేసింది, 2020 డిసెంబరు 15న సర్వీసు మొత్తం ఆపేసింది. గడువులోగా దించుకోవాల్సింది నిర్వాహకులు, కానీ వాళ్ళలో ఒకరు చనిపోయారు, ఇంకొకరి పాస్‌వర్డు ఎప్పుడో పోయింది. కాబట్టి మిగిలిందేదైనా ఉంటే అది మనుషుల ఇళ్ళలో, అటకల మీద, పాత మెయిల్ పెట్టెల్లో ఉండాలి. అక్కణ్ణుంచి ఏరుకొచ్చి మళ్ళీ వరసలో పెడుతున్నాను.

గ్రూపు పేరు, సభ్యుల పేర్లు రాయడం లేదు, కారణం 8వ దశలో ఉంది. మీ ఊరి గ్రూపుకో, కాలేజీ బ్యాచ్ గ్రూపుకో ఇదే పని చేయాలనుకుంటే దశలవారీగా చూసుకోండి. ఏది పనిచేయలేదో, ఎందుకు పనిచేయలేదో కాస్త ఎక్కువే రాశాను.

దశ 1: హార్డ్ డిస్కు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఒకప్పుడు నెట్ సెంటర్ నడిపినాయన ఇప్పుడు జిరాక్స్ షాపు నడుపుతున్నారు. షాపు అటక మీద అప్పటి సీపీయూ ఒకటి ఉంది. "అందులో ఏటుంటాది బాబూ, పాత సామాన్లోడికి ఎప్పుడో ఇచ్చేద్దును, మా గుంటడు ఉంచమన్నాడని ఉంచాను" అంటూనే దించి ఇచ్చారు. సైడు తలుపు తీస్తే లోపల చీమల పుట్ట, మదర్‌బోర్డు మీద ఉబ్బిపోయిన కెపాసిటర్లు. డిస్కు మాత్రం బయటికి బాగానే ఉంది: 20 జీబీ, 40 పిన్నుల ఐడీఈ.

ఇలాంటి సీపీయూను "ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం" అని అందరికీ అనిపిస్తుంది. చేయకండి. పవర్ సప్లై కాలిపోతే డిస్కునీ తీసుకుపోతుంది. అది కాలకపోయినా, విండోస్ లేస్తూ లేస్తూనే డిస్కు మీద రాయడం మొదలుపెడుతుంది, మనకి కావలసింది ఆ రాతల కింద పోవచ్చు.

మొదట తెచ్చిన యూఎస్‌బీ అడాప్టరుతో డిస్కు తిరగలేదు. అది ల్యాప్‌టాప్ డిస్కుల కోసం చేసింది. మూడున్నర అంగుళాల డిస్కు మోటారుకి 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ ఇచ్చేది 5. విడిగా కరెంటు ఇచ్చే నాలుగు పిన్నుల తీగ ఉన్న అడాప్టరు తెచ్చాక తిరిగింది కానీ కంప్యూటరుకి కనబడలేదు. డిస్కు వెనక జంపరు (పిన్నులకి తొడిగే చిన్న ముక్క) స్లేవ్‌లో, అంటే రెండో డిస్కు స్థానంలో ఉంది, మాస్టర్‌కి మార్చగానే కనబడింది.

చేసిన వరస:

1. డిస్కులో నేరుగా ఏ ఫోల్డరూ తెరవలేదు. డీడీరెస్క్యూతో (పాడైన డిస్కులని చదివే ప్రోగ్రాము) మొత్తం డిస్కుని ఒకే ఇమేజి ఫైలుగా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా దింపాను. మొదటి విడతలో బాగున్న భాగం మాత్రమే చదివించి, పాడైన చోట్లని రెండో విడతకి వదిలాను.
2. రెండో విడతలో పాడైన చోట్లని మూడేసిసార్లు చదివించాను. బాగున్న భాగం అరగంటలో అయిపోయింది, పాడైన కొంచెం ఒక రాత్రంతా తీసుకుంది. చివరికి 212 కేబీ చదవలేకపోయింది.
3. ఇమేజికి ఒక కాపీ తీసి, ఆ కాపీని రీడ్-ఓన్లీగా (చదవడమే తప్ప రాయడం కుదరకుండా) తెరిచాను. తర్వాతి పనంతా దాని మీదే. అసలు డిస్కుని బట్టలో చుట్టి ఆయనకే తిరిగి ఇచ్చేశాను.

లోపల అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే అప్పటి మెయిల్ ప్రోగ్రాము ఉంది. అది ఒక్కో మెయిల్ ఫోల్డరుని ఒక్కో డీబీఎక్స్ ఫైలుగా దాచుకుంటుంది. వాటిని విడగొట్టడానికి అన్‌డీబీఎక్స్ అనే చిన్న ప్రోగ్రాము సరిపోయింది, ఒక్కో మెసేజ్ ఒక్కో ఫైలుగా బయటికి వచ్చింది. 6,412 మెసేజ్‌లలో గ్రూపువి 3,870. మిగిలినవి ఆ షాపు సొంత మెయిళ్ళు. వాటిని తెరిచి చూడకుండా, హెడర్లో (ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారో మెయిల్ పైన ఉండే వివరాలు) గ్రూపు చిరునామా ఉందా లేదా అన్నది స్క్రిప్టుతోనే తేల్చి, లేనివాటిని కాపీలోంచి తీసేశాను.

ఇక్కడే ఇంకో నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో డిలీట్ చేసిన మెసేజ్, ఫోల్డరుని కంపాక్ట్ చేసేదాకా (ఖాళీలు తీసి కుదించేదాకా) ఫైల్లోనే ఉంటుంది, అన్‌డీబీఎక్స్‌లో రికవరీ ఆప్షను పెడితే అదీ బయటికి వస్తుంది. అది వాడలేదు. ఒక మనిషి తుడిచేసినదాన్ని ఇరవయ్యేళ్ళ తర్వాత తవ్వి తీసే హక్కు నాకు లేదు.

ఇప్పటిదాకా: మెసేజ్‌లు 3,870. ఖర్చు 700 రూపాయలు (సరైన అడాప్టరు).

దశ 2: సీడీలు

విజయనగరంలో మూడు లాంతర్ల వైపు ఉండే రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన, గ్రూపులో అందరూ మాస్టారూ అనేవారు, నెలనెలా గ్రూపు మెయిళ్ళని సీడీకి ఎక్కించి పెట్టారు. మొత్తం 11 సీడీలు, ప్లాస్టిక్ కవర్లలో, ఒక్కోదాని మీద అచ్చు వేసినట్టున్న చేతిరాతతో నెల, సంవత్సరం. మన కోస్తా గాలిలో తేమకి కొన్నింటి అంచున బూజు పట్టింది, రెండు కవరుకి అంటుకుపోయాయి.

సీడీ విషయంలో చాలామందికి తెలియని సంగతి: అడుగున మెరిసే వైపు గీతల కంటే, పైన లేబులు వైపు గీతలే ఎక్కువ ప్రమాదం. డేటా ఉండే పొర లేబులుకి సరిగ్గా కిందే, పల్చటి లక్క పూత చాటున ఉంటుంది. అందుకే మాస్టారు అతికించిన కాగితం స్టిక్కర్లు చిరిగి వేలాడుతున్నా పీకలేదు. పీకితే ఆ పొర కూడా దాంతో వచ్చేస్తుంది.

1. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. గుండ్రంగా పడిన గీత డేటా వరస వెంబడే పోతుంది, సీడీ తనంతట తాను సరిదిద్దుకోలేదు.
2. డ్రైవు వేగాన్ని 4 ఎక్స్‌కి తగ్గించాలి. పూర్తి వేగంలో చదవని రెండు సీడీలు దీంతోనే చదివాయి.
3. డీడీరెస్క్యూలో సెక్టరు (ఒక్క విడతలో చదివే ముక్క) సైజు 2048 బైట్లు అని చెప్పాలి. చెప్పకపోతే 512 అనుకుని పాడైన చోట నాలుగు రెట్లు ఎక్కువ తిప్పలు పడుతుంది.
4. మ్యాప్ ఫైలుని (ఏ సెక్టర్లు చదివిందో, ఏవి చదవలేదో డీడీరెస్క్యూ రాసుకునేది) దాచి, అదే సీడీని వేరే డ్రైవులో పెట్టి కొనసాగించాలి.

నాలుగో దానివల్లే ఎక్కువ లాభం. కొత్తగా కొన్న డీవీడీ రైటరు వదిలేసిన సెక్టర్లలో చాలావాటిని పాత ల్యాప్‌టాప్ డ్రైవు చదివేసింది, ఇంకో సీడీ దగ్గర ఇది తిరగబడింది. రెండు డ్రైవులకీ రెండు రకాల చూపు, రెండూ చదివినది కలిస్తే ఇమేజి దాదాపు నిండింది. ఫలితం: 7 పూర్తిగా, 3 కొంత, 1 అసలు లేదు.

లోపల 5,146 మెసేజ్‌లు. వీటిలో డిస్కులో ఉన్నవే ఎన్నో తేల్చాలి. హెడర్లు ఉన్నవి తేలిక, ప్రతి మెయిలుకీ మెసేజ్ ఐడీ అని దానికి మాత్రమే ఉండే గుర్తు ఉంటుంది. కానీ 1,120 మెసేజ్‌లని మాస్టారు నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసి పెట్టారు, వాటికి హెడర్లే లేవు. టెక్స్టుని టెక్స్టుతో పోల్చితే ఒక్కటీ కలవలేదు. కారణం, యాహూ ప్రతి మెసేజ్ అడుగునా ప్రకటన అతికించేది, అదే మెసేజ్ ఇద్దరికి చేరితే అడుగున రెండు వేరే ప్రకటనలు. ప్రకటన మొదలయ్యే గీత దగ్గర కత్తిరించి, ఖాళీలన్నీ తీసేసి పోలిస్తే కలిశాయి. 2,031 నకళ్ళు పోను 3,115 కొత్తవి.

ఇప్పటిదాకా: మెసేజ్‌లు 6,985. ఖర్చు 2,550 రూపాయలు.

దశ 3: ఎవరు పంపారు, ఎవరు రాశారు

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైనది ఇక్కడ దొరికింది, అందుకే నిదానంగా రాస్తున్నాను.

ఖాతాల వారీగా లెక్క వేస్తే గ్రూపులో అందరికంటే ఎక్కువ రాసినది నెట్ సెంటర్ ఖాతా, 1,286 మెసేజ్‌లు. ఇవన్నీ ఒకే మనిషి మాటలని నమ్మడం కష్టం. ఒకచోట చేపల వలల గురించి, ఇంకోచోట తప్పెటగుళ్ళ గురించి, మరోచోట డైట్ (టీచరు ట్రైనింగు) ప్రవేశ పరీక్ష గురించి. జిరాక్స్ షాపాయన్ని అడిగితే విషయం చెప్పారు: "నెట్టంటే గంటకింతని డబ్బులు కదా బాబూ. టైపింగు రానోళ్ళు కాగితం మీద రాసిచ్చి ఎల్లిపోయేవోరు. సాయంత్రం కరెంటుంటే నానో, మా దగ్గర పన్జేసే కుర్రోడో కొట్టి పంపేసీవోళ్ళం. జవాబొస్తే అచ్చుతీసి ఉంచేవోళ్ళం, సంతకొచ్చినప్పుడు పట్టుకెళ్ళేవోరు."

అంటే గ్రూపు సభ్యుల జాబితాలో లేని మనుషులు, మెయిల్ ఐడీ ఎప్పుడూ లేని మనుషులు, కీబోర్డు ముట్టుకోని మనుషులు ఆ గ్రూపులో కొన్నేళ్ళు మాట్లాడారు. ఇంతకు ముందు ఈ గ్రూపు గురించి ఎవరు చెప్పినా "సాఫ్ట్‌వేర్ వాళ్ళు పెట్టుకున్నది" అనే చెప్పేవారు. సగమే నిజం.

మనుషులని విడదీయడానికి చేసినవి:

1. ప్రకటన గీతకి పైన ఉన్న చివరి మూడు వరసలు తీసుకుని, అందులో పేరు, ఊరు ఉన్నాయేమో చూడటం. 903 మెసేజ్‌లకి దొరికాయి, 41 మంది తేలారు.
2. మిగిలిన 383కి సంతకం లేదు. టైపింగు అలవాటుని బట్టి ఎవరు కొట్టారో చెప్పొచ్చు కానీ (యజమాని ళ, ణ లకి పెద్దక్షరాలు వాడతారు, కుర్రవాడు అన్నీ చిన్నక్షరాలే), ఎవరు రాశారో దాంతో తెలియదు. రాతశైలితో ఊహించే ప్రోగ్రాములు ప్రయత్నించి వదిలేశాను. మెసేజ్‌లు మరీ పొట్టివి, పైగా టైపు చేసిన చెయ్యి రచయిత చెయ్యిని కప్పేస్తుంది. ఇద్దరు వేరే ఊళ్ళ ఆడవాళ్ళని ఒకే మనిషిగా చూపించింది.
3. అసలు కాగితాలు ఉన్నాయేమో అడగడం.

ఉన్నాయి. కరెంటు బిల్లులతో కలిపి గుచ్చిన ఒక ప్లాస్టిక్ ఫైలులో 118 కాగితాలు, పంపినవాటి మీద ఎర్ర పెన్నుతో టిక్కు, కింద తేదీ. 97 కాగితాలు మెసేజ్‌లతో జతపడ్డాయి. జతపరచడం చేత్తోనే, వేరే దారి లేదు.

ఒక కాగితం గురించి చెప్పాలి. ఎరువుల షాపు బిల్లు వెనక పెన్సిలుతో రాసినది, నరసన్నపేట వైపు ఊరామె. అమెరికా నుంచి ఒకాయన చోడి (రాగి) అంబలి ఎలా కాస్తారని గ్రూపులో అడిగితే రాసిన జవాబు. చోడిపిండి ముందురోజే నీళ్ళలో కలిపి పులవబెట్టడం, నూకలు ఉడుకుతుండగా ఆ పిండి పోసి ఉండకట్టకుండా తిప్పడం, చల్లారాక మర్నాడు మజ్జిగ, ఉల్లిపాయతో తాగడం, అన్నీ వరసగా ఉన్నాయి. కాగితంలో పదకొండు వరసలుంటే మెయిల్లో తొమ్మిదే. శీతాకాలంలో పిండి ఇంకో పూట ఎక్కువ నానాలన్నది, దాని తర్వాత ఆమె అత్తగారి పద్ధతి గురించి రాసినది, టైపు చేసినాయన వదిలేశారు. సరిగ్గా ఆ వదిలేసిన సంగతి గురించే అమెరికా ఆయన మళ్ళీ అడిగారు, చలికి పులవలేదని. దానికి ఆమె ఇంకో కాగితం రాశారు. ఆ సంభాషణ 23 మెసేజ్‌లు నడిచింది, ఇప్పటిదాకా హెడర్ల ప్రకారం అదంతా నెట్ సెంటర్ యజమాని వంట జ్ఞానం.

దీంతో డేటాబేసులో "పంపినవారు" అన్న ఒక్క గడిని తీసేసి మూడు చేశాను: పంపిన ఖాతా, టైపు చేసినవారు, రాసినవారు. మూడోది తెలియకపోతే ఖాళీగానే ఉంచుతాను, ఊహతో నింపను. మీ గ్రూపులో కూడా నెట్ సెంటర్ ఖాతా గానీ, కాలేజీ ల్యాబ్ ఖాతా గానీ కనబడితే ఈ మూడు గడులు మొదటినుంచే పెట్టుకోండి, మధ్యలో మార్చడం పెద్ద పని.

దశ 4: తేదీలు, ఖాళీలు

డిస్కులోని మెసేజ్‌లలో చాలావాటి తేదీ నెట్ సెంటర్ పుట్టకముందుది. మదర్‌బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ అయిపోతే కంప్యూటరు ఆపి పెట్టినప్పుడల్లా గడియారం మొదటికి వెళ్ళిపోతుంది, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఆ తప్పు తేదీనే మెయిల్ మీద వేస్తుంది.

దిద్దడానికి యాహూ హెడరే సాయపడింది. గ్రూపు నుంచి వచ్చిన మెయిల్ రిటర్న్ చిరునామాలో సెంట్‌టు అన్న మాట తర్వాత గీతలతో విడదీసిన అంకెలుంటాయి. మొదటిది గ్రూపు సంఖ్య, రెండోది ఆ గ్రూపులో మెసేజ్ వరస సంఖ్య, చాలావాటిలో మూడోది యాహూ సర్వరు ఆ మెయిల్ పంపిన సమయం, 1970 జనవరి 1 నుంచి సెకన్లలో. పంపినవాడి గడియారంతో దానికి సంబంధం లేదు. అది చదివి భారత కాలమానానికి అయిదున్నర గంటలు కలిపితే అసలు తేదీ వచ్చేస్తుంది.

హెడర్లు లేని 1,120 నోట్‌ప్యాడ్ మెసేజ్‌లకి ఈ దారి లేదు. సీడీ మీది నెల ఒక హద్దు, లోపలి మాటలు ఇంకో హద్దు. "రేపే సిరిమాను, జనం అప్పుడే దిగిపోతున్నారు" లాంటి వాక్యం ఉంటే పని తేలిక. విజయనగరం పైడితల్లి సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారం తిరుగుతుంది. 2001లో దసరా అక్టోబరు 26, శుక్రవారం, కాబట్టి ఆ లెక్కన సిరిమాను 30, మెసేజ్ 29. ఇలా పండగలు, పరీక్షా ఫలితాలు, తుపానులు పట్టుకుని తేదీ వేసినవాటికి "అంచనా" అన్న గుర్తు విడిగా ఉంది.

వరస సంఖ్యలు దొరకడంతో ఏవి లేవో కూడా తెలిసింది. ఇది చాలా ఉపయోగం. "పాత మెయిళ్ళేమైనా ఉన్నాయా" అని అడిగితే ఎవరూ వెతకరు, "2002 ఆగస్టు నుంచి నవంబరు దాకా ఉన్నాయా చూడరూ" అని అడిగితే వెతుకుతారు. అలా హైదరాబాదులో ఉండే ఒక సభ్యురాలు తన జీమెయిల్లోకి ఎప్పుడో మార్చుకున్న పాత మెయిళ్ళని గూగుల్ టేకౌట్ (మన డేటాని మనం దించుకునే ఏర్పాటు) ద్వారా, మెయిళ్ళన్నీ ఒకే చోట ఉండే ఎంబాక్స్ ఫైలుగా దించి, గ్రూపు లేబులు ఉన్నవి మాత్రమే పంపారు. 1,904లో 688 కొత్తవి.

దొరికిన చివరి వరస సంఖ్య 9,240. పలాస వైపు ఒక సభ్యుడి దగ్గర ఇంకో సీడీల పెట్టె ఉండేదట, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి ఇంటి పైకప్పు లేచిపోయినప్పుడు అది తడిసి పోయింది.

ఇప్పటిదాకా: మెసేజ్‌లు 7,673. దొరకనివి 1,567. ఖర్చు 6,750 రూపాయలు (రెండు చోట్ల కాపీ ఉంచడానికి బయటి డిస్కు కొన్నాను).

దశ 5: లిపి

7,673లో ఇంగ్లిషు మాత్రమే ఉన్నవి 2,904, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు 4,218, యూనికోడ్ (ఇప్పుడు అందరూ వాడే అక్షరాల పట్టిక) తెలుగు 364, పాత ఫాంట్లలో ఉన్నవి 187.

సంఖ్యలో చిన్నదే అయినా ఎక్కువ ఏడిపించినది ఆఖరిది. యూనికోడ్ రాకముందు ప్రతి తెలుగు సైటుకీ దాని సొంత ఫాంటు ఉండేది, ఇంగ్లిషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పెట్టి. అక్కడ అక్షరం కాదు, ఆకారమే లెక్క. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, కొన్ని ఫాంట్లలో "మ" కూడా "వ", దాని పక్కన కొమ్ములాంటి తునక. పైగా కంటికి కనబడే వరసలోనే దాచుతారు: "క్కి" అంటే ముందు కి, తర్వాత క ఒత్తు. యూనికోడ్‌లో ముందు క, పొల్లు, క, ఆఖరున గుడి. కొన్ని ఫాంట్లలో క్రావడి (ర ఒత్తు) అసలు అక్షరం కంటే ముందే వస్తుంది. కాబట్టి ముక్కకి ముక్క మార్చితే చాలదు, వరస కూడా తిరగేయాలి.

ఇందుకోసం నాగార్జున వెన్నగారు చేసిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత (బ్రౌజరుకి చేర్చుకునే చిన్న ప్రోగ్రాము) ఉండేది, అది పాత ఫాంట్ల తెలుగుని యూనికోడ్‌లోకి మార్చేది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57తో పాత తరహా పొడిగింతలన్నీ ఆగిపోయాయి. నేను పాత ఫైర్‌ఫాక్స్‌ని నెట్ లేని కంప్యూటరులో పెట్టి దాంట్లో పద్మ నడిపాను. మొదట 187లో 112 మాత్రమే చదవదగ్గట్టు వచ్చాయి. మిగతావాటిలో అక్షరాలు మధ్యలో మాయం. కారణం ఫాంటు కాదు, దారిలో జరిగిన మార్పు: పాత ఫాంటు బైట్లని (అక్షరాలకి బదులు కంప్యూటరు దాచే సంఖ్యలని) ఎవరో విండోస్ 1252 (ఇంగ్లిషు, యూరపు అక్షరాల పాత పట్టిక) అనుకుని యూటీఎఫ్-8లోకి (యూనికోడ్‌ని దాచే పద్ధతి) మార్చి దాచారు. తిరగేసి మార్చబోతే ప్రోగ్రాము ఆగిపోతుంది, ఎందుకంటే 1252 పట్టికలో అయిదు స్థానాలు ఖాళీ (129, 141, 143, 144, 157), తెలుగు ఫాంటు మాత్రం ఆ స్థానాల్లో కూడా ముక్కలు పెట్టుకుంది. ఆ అయిదింటినీ అదే సంఖ్యగా వదిలేయమని చెప్పాక 171 చదవగలిగాం. 16 ఏ ఫాంటులోవో ఇంకా తేలలేదు.

ఇంగ్లిషు అక్షరాల తెలుగుతో ఇబ్బంది వేరు. అమెరికా సభ్యులు కొందరు ఆర్‌టీఎస్ పద్ధతిలో శ్రద్ధగా రాశారు. ఇది రైస్ యూనివర్సిటీలో చదివే తెలుగువాళ్ళు చేసిన పద్ధతి: పెద్ద టీ అంటే ట, చిన్న టీ అంటే త, పెద్ద ఎన్ అంటే ణ. వీటిని యంత్రం తప్పుల్లేకుండా మార్చేస్తుంది. కానీ ఎక్కువమంది నోటికొచ్చినట్టు రాశారు, వాటిని మార్చితే "మాట" కాస్తా "మాత" అవుతుంది. కాబట్టి మాట మధ్యలో పెద్దక్షరాలున్న మెసేజ్‌లని మాత్రమే తెలుగులోకి మార్చాను. మిగిలినవాటిని ముట్టుకోకుండా, వెతకడానికి పక్కన ఒక వదులు రూపం తయారుచేశాను:

1. అన్నీ చిన్నక్షరాలు.
2. రెండు ఈలు ఉంటే ఒక ఐ, రెండు ఓలు ఉంటే ఒక యూ.
3. ఒకే అక్షరం రెండుసార్లు వస్తే ఒకటే.
4. హల్లు తర్వాత హెచ్ తీసేయడం.

దీంతో శ్రీకాకుళాన్ని ఎన్ని రకాలుగా రాసినా ఒకే రూపానికి వచ్చేస్తుంది. విజయనగరం రాదు, ఇంగ్లిషులో దాని అధికారిక స్పెల్లింగే జెడ్‌తో ఉంటుంది కనక, దానికీ, చికాకోల్ (శ్రీకాకుళం) లాంటి పాత పేర్లకీ చేత్తో జాబితా రాసుకున్నాను.

ఒకటి తీసేశాను: స్పెల్లింగు దిద్దే స్క్రిప్టు. మార్చిన తెలుగుని అది శుభ్రం చేస్తుందని పెడితే "ఏటి"ని "ఏమిటి" చేసింది, "నాను"ని "నేను" చేసింది, "సేసినాం"ని "చేశాం" చేసింది. గిడుగు రామమూర్తిగారు, గురజాడవారు వ్యవహార భాష కోసం కొట్లాడిన జిల్లాలివి. అచ్చులో మన యాసని ఎవరో ఒకరు దిద్దేసేవారు, ఇక్కడ దిద్దేవాళ్ళు లేకపోవడం వల్లే అది ఉన్నదున్నట్టు మిగిలింది. దాన్ని నా స్క్రిప్టు తుడిచేస్తే ఈ పనికి అర్థమే లేదు.

దశ 6: ఏ మాటకి ఏది జవాబు

మెసేజ్‌లన్నీ తేదీ వరసలో పెడితే గ్రూపు తిరిగి రాదు. ఎవరి మాటకి ఎవరు పలికారో తెలియాలి, అదే గ్రూపంటే.

హెడర్లలో రిఫరెన్సెస్ అన్న వరస (ఏ మెసేజ్‌కి జవాబో చెప్పేది) ఉంటే ఇది తేలిక, 2,870 జవాబులు దాంతోనే వాటి చోటికి వెళ్ళాయి. మిగిలినవాటిని సబ్జెక్టుతో కలపబోతే అయిదారేళ్ళ ఉగాది శుభాకాంక్షలన్నీ ఒకే పెద్ద సంభాషణ అయిపోయాయి. 21 రోజుల హద్దు పెట్టాక 940 సరిగ్గా కలిశాయి.

డైజెస్టు జవాబులు అసలు చిక్కు. రోజుకొక్క మెయిల్‌గా అన్నీ కలిపి తెప్పించుకునేవాళ్ళు దానికే జవాబిస్తే సబ్జెక్టులో డైజెస్టు నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. నెట్ సెంటర్ ఖాతా కూడా డైజెస్టులోనే ఉండేది, అంటే కాగితాల మనుషుల జవాబులన్నీ ఈ గుట్టలోనే. వీటికి, జవాబులో ఎత్తి రాసిన వరసలని (ముందు బాణం గుర్తు ఉండేవి) అంతకు ముందు నెల మెసేజ్‌లతో పోల్చాను. మొదటిసారి దాదాపు ఏమీ కలవలేదు. మెయిల్ ప్రోగ్రాములు వరసని 70, 75 అక్షరాల దగ్గర విరుస్తాయి, మళ్ళీ బాణం చేరితే ఇంకోచోట విరుగుతుంది. బాణాలు తీసేసి, వరసలన్నీ ఒకటిగా కలిపి, అయిదేసి మాటల గుంపులుగా పోల్చితే 806 జవాబులు జతపడ్డాయి.

ఇప్పటిదాకా: చోటు తెలిసిన జవాబులు 4,616.

దశ 7: పాత పేజీలు

దీని మీద ఎక్కువ రోజులు పెట్టలేదు. నెట్ సెంటర్ డిస్కులో ఫేవరెట్స్ ఫోల్డరులో 96 లింకులున్నాయి, పాత వెబ్ పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో 58 దొరికాయి. రెండు కిటుకులు. పేజీ చిరునామాలో ఉండే 14 అంకెల తేదీ పక్కన ఐ, డీ, అండర్‌స్కోరు చేరిస్తే వేబ్యాక్ తన పట్టీ చేర్చకుండా అసలు పేజీని ఇస్తుంది, ఫాంటు బైట్లు చెడకుండా ఉండాలంటే ఇదే దారి. రెండోది జియోసిటీస్ (ఉచితంగా సొంత పేజీలు పెట్టుకునే సైటు) గురించి: యాహూ 1999లో దాన్ని కొనకముందు పేజీలు పేటల పేర్లతో ఉండేవి, తర్వాత సభ్యుల పేర్లతో, కాబట్టి రెండు చిరునామాలతోనూ వెతకాలి. 2009 అక్టోబరులో అది మూతపడే ముందు ఆర్కైవ్ టీమ్ (మూతపడే సైట్లని దాచే వాలంటీర్ల గుంపు) వాళ్ళు దించిన ప్రతుల వల్ల శ్రీముఖలింగం గుడి ఫోటోల పేజీ ఒకటి బొమ్మలతో సహా దొరికింది. బ్రౌజరు హిస్టరీ ఫైలు కూడా డిస్కులో ఉంది, అది పదిమంది గ్రాహకుల సొంత సంగతి, తెరవలేదు.

దశ 8: ఎవరికి చూపాలి

గ్రూపులో రాసినప్పుడు వాళ్ళు రాసింది ఆ కొద్దిమంది కోసం, గూగుల్ కోసం కాదు. అందుకే మొత్తాన్నీ నెట్‌లో పెట్టడం లేదు.

1. ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు, పెళ్ళి సంబంధాల వివరాలు చదివే ప్రతిలో కప్పేశాం. మూల ప్రతి తాళం వేసిన డిస్కులో అలాగే ఉంది.
2. రాసినవాళ్ళనో, వాళ్ళు లేకపోతే ఇంటివాళ్ళనో అడిగి, ఒప్పుకున్నవే బయటికి. కాగితాల 41 మందిలో 17 మంది ఆచూకీ దొరికింది, 14 మంది సరే అన్నారు. అంబలి రాసినామె కూతురు అమ్మ చేతిరాత ఫోటో పంపమని అడిగారు, పంపాం.
3. ఊరి పేరుతో పాటు అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాస్తున్నాం. 2022 ఏప్రిల్లో పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్ళాయి. మెసేజ్‌లో "మా శ్రీకాకుళం జిల్లా రాజాం" అని ఉంటే అది తప్పు కాదు.

అచ్చయిన తెలుగు కథలకి 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు శ్రీకాకుళంలోనే కథానిలయం పెట్టి ఒక ఇల్లు చూపించారు. ఎరువుల బిల్లు వెనక రాసి, ఎవరో టైపు కొట్టి, ఎక్కడో న్యూజెర్సీలో చదివిన మాటలకి కూడా అలాంటి చోటు ఒకటి కావాలని నా పట్టుదల.

మిగిలిన పని

లేని 1,567లో ఎక్కువ భాగం 2003 జూన్ నుంచి 2004 ఫిబ్రవరి మధ్యవి. ఆ రోజుల్లో విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నెట్ సెంటర్ నడిపినవాళ్ళ దగ్గర సీపీయూలు ఉండొచ్చు. మీ చుట్టాల్లో, వీధిలో అలాంటివాళ్ళుంటే అడగండి. సీపీయూ అయితే ఆన్ చేయొద్దు, సీడీ అయితే స్టిక్కరు పీకొద్దు, నీళ్ళతో కడగొద్దు. ముఖ్యంగా, పాత బిల్లుల కట్టలు అమ్మేసే ముందు వాటి వెనక ఏమైనా రాసి ఉందేమో తిరగేసి చూడమని చెప్పండి.